యద్దనపూడి నవలలు - మన విమర్శ : ఒక పునఃపరిశీలన

యద్దనపూడి సులోచనారాణి నవలల గురించి అభ్యుదయ సాహిత్యకారులమైన మనం రాసినదాని కంటే రాయకుండా వదిలేసిందే ఎక్కువ. రాసిన కొద్దిపాటిలోనూ విశ్లేషణ తక్కువ, తీర్పు ఎక్కువ. కలల వ్యాపారం, పలాయనవాదం, మధ్యతరగతి స్త్రీకి మత్తుమందు - ఈ మూడు మాటలతో సరిపెట్టుకున్నాం. ఈ మాటల్లో నిజం లేదని నేననడం లేదు. అయితే ఒక రచయిత్రిని రెండు తరాల స్త్రీలు ఎందుకు చదివారో ఈ మూడు మాటలు చెప్పవు. ఆ ఎందుకుకు జవాబు వెతకని విమర్శ, ఎంత వర్గ దృక్పథంతో మాట్లాడినా, తన పని తాను చేసినట్టు కాదు.

ఈ లోపంలో నాకూ వాటా ఉంది. కాబట్టి నా సంగతితోనే మొదలుపెడతాను.

మాది నిడమనూరు. నల్లగొండ జిల్లాలో, అప్పట్లో మిర్యాలగూడ తాలూకాలో ఉండేది. 1970ల చివర మిర్యాలగూడలో జరిగిన ఒక చిన్న సాహిత్య సమావేశంలో "ప్రజాసాహిత్యం - వ్యాపార సాహిత్యం" అనే విషయం మీద మాట్లాడాను. యద్దనపూడి పేరు ఎత్తి, అందరూ అనే మాటలే గట్టిగా అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికొచ్చి అదంతా గొప్పగా చెప్పుకుంటుంటే మా అక్క వడ్లు చెరుగుతూ ఒక్క ప్రశ్న అడిగింది: "నువ్వు ఒక్కటన్న సదివినవా తమ్మీ?"

నేను చదవలేదు. పత్రికల్లో ఆ ధారావాహికలు కనపడితే పేజీ తిప్పేసేవాణ్ణి. మా అక్క మాత్రం చదివింది. ఏడో తరగతితో చదువు మాన్పించిన మనిషి, మిర్యాలగూడలో రోజుకింతని అద్దెకిచ్చే కొట్టు నుంచి ఎవరెవరి చేతనో తెప్పించుకుని చదివింది. వారపత్రికల్లోంచి కత్తిరించిన ధారావాహికల కాగితాలు పాత గోనెసంచి దారంతో కుట్టి, అట్ట వేసి పెట్టుకుంది. నాట్ల కాలంలో రాత్రిళ్ళు మా వాకిట్లో కూర్చుని పైకి చదివేది. వినేవాళ్ళలో సగంమంది ఆ పగలంతా మోకాలి లోతు బురదలో నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళే. వాళ్ళకు అక్షరాలు రావు. కథ మాత్రం ఎక్కడ ఆగిందో తప్పకుండా గుర్తుండేది.

నేను మత్తుమందు అని పేరు పెట్టింది ఈ సభకే. అప్పుడు సిగ్గుపడి "సెక్రటరీ" తీసుకుని మూడు రాత్రులు చదివాను. తర్వాత మిగిలినవి దొరికినంతవరకు చదివాను. బడిపంతులుగా ఉద్యోగం చేసిన ఏళ్ళలోనూ, విరమణ తర్వాతనూ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వ్యాసం మా అక్కకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోవచ్చు.

ముందు రచయిత్రి రచనా జీవితాన్ని క్లుప్తంగా చూద్దాం. సులోచనారాణి కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టి పెరిగారు. పెళ్ళి తర్వాత హైదరాబాదు చేరారు. 1956లో ఆంధ్రపత్రికలో వచ్చిన "చిత్రనళినీయం" ఆమె తొలి కథ. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదు కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. గుమాస్తాలు, టైపిస్టులు, స్టెనోలు, చిన్న అధికారులు నాలుగు దిక్కుల నుంచి ఆ నగరానికి చేరుతున్న కాలం అది. 1964లో "జ్యోతి" మాసపత్రికలో "సెక్రటరీ" మొదలైంది. అక్కడి నుంచి దాదాపు రెండు దశాబ్దాలపాటు ఆమె పేరు లేని పత్రిక, ఆమె పుస్తకం లేని అద్దె కొట్టు తెలుగునాట అరుదు. "మీనా", "జీవన తరంగాలు", "విజేత", "ప్రేమలేఖలు", "అగ్నిపూలు", "గిరిజా కల్యాణం" - ఈ పేర్లు చదవనివాళ్ళకు కూడా తెలుసు. దానికి సినిమా కారణం. "విజేత" 1972లో "విచిత్రబంధం" అయింది. 1973లో "మీనా", "జీవన తరంగాలు", 1976లో "సెక్రటరీ", 1981లో "అగ్నిపూలు" తెరకెక్కాయి. ఆ తరువాత టీవీ ధారావాహికలు. 2016లో వచ్చిన "అ ఆ" చిత్రం చూసిన పాతతరం పాఠకులు అందులో "మీనా"ను వెంటనే గుర్తుపట్టారు. 2018 మే 21న ఆమె అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూసినప్పుడు ఆమెను చదివిన తరం మనవలనెత్తుకున్న తరం. ఆ తరం దుఃఖపడింది. మన పత్రికలు ఆనాడు కూడా పెద్దగా మాట్లాడలేదు.

ఆమె ఒంటరిగా ఊడిపడిన రచయిత్రి కాదు. 1961లో కోడూరి కౌసల్యాదేవి "చక్రభ్రమణం" ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమతి పొందింది. అదే "డాక్టర్ చక్రవర్తి" సినిమా. ముప్పాళ రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి, లత, వాసిరెడ్డి సీతాదేవి, సి. ఆనందారామం - ఒక్కొక్కరిది ఒక్కో తోవ. పురుషులు ఆడపేర్లతో నవలలు రాసి పంపిన రోజులవి. ఆ ఒక్క విషయం చాలు, పాఠకలోకం ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి.

ఇక ఆమెకు ప్రేరణ ఎక్కడిది? ఇక్కడ మన విమర్శకులు రెండు రకాలుగా పొరబడ్డారు. ఒకరు ఇదంతా పాశ్చాత్య చవకబారు ప్రేమనవలల అనుకరణ అన్నారు. మరొకరు ఇదంతా పత్రికాధిపతుల గిరాకీకి తయారైన సరుకు అన్నారు. నేను చదివినంతలో నాకు కనిపించే మూలాలు నాలుగు.

మొదటిది, ఆమెకు దగ్గరగా తెలిసిన ఇల్లు. ఆ నవలల్లో బంగళాలు, కార్లు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి మనం వాటినే చూశాం. కాని బంగళా వర్ణనలో చేయి తిరిగినతనమే తప్ప ప్రాణం లేదు. ప్రాణమున్నది చిన్న ఇళ్ళలో: నెలాఖరు ఇబ్బందిలో, పెళ్ళీడు దాటుతున్న పిల్లను చూసి పెద్దవాళ్ళు పడే దిగులులో, ఒకరి దయ మీద బతుకుతున్నామన్న స్పృహలో, చుట్టాలు అనే ఒక్క మాట రాత్రంతా గుచ్చుకోవడంలో. ఇవి ఊహించి రాసినవి కావు. మధ్యతరగతి ఇంటిని లోపల నుంచి చూసినవాళ్ళకే తెలిసేవి.

రెండవది శరత్. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ అనువాదాల పుణ్యమా అని శరత్ చంద్రుడు తెలుగువాడే అయిపోయాడు. పైకి కఠినంగా ఉండి లోపల కరిగిపోయే మనిషి, ప్రేమను అన్నం వడ్డించడంలో తప్ప మాటల్లో చెప్పలేని స్త్రీ, అభిమానం అడ్డొచ్చి చేజారిపోయే సుఖం - వీటికి తెలుగు పాఠకుల చెవి ముందే సిద్ధమై ఉంది. శరత్ ఆ కథను చాలాసార్లు కన్నీటితో ముగించాడు. యద్దనపూడి దాన్ని పెళ్ళితో ముగించింది. ఈ ఒక్క మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. దాని దగ్గరకు మళ్ళీ వస్తాను.

మూడవది ఆ కథా నిర్మాణం. డబ్బులేని, అభిమానమున్న అమ్మాయి. డబ్బున్న, గర్వి అని పేరుపడ్డ పురుషుడు. మధ్యలో పుకారు, అపార్థం. చివర అతను ఆమె ముందు తలవంచడం. ఈ చట్రం 1813 నాటి జేన్ ఆస్టిన్ "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" నుంచి, 1847 నాటి షార్లట్ బ్రాంటీ "జేన్ ఎయిర్" నుంచి ప్రపంచమంతా తిరిగింది. ఆమె అక్కడి నుంచే నేరుగా తీసుకుందని నేను చెప్పను. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారన్నది కాక, ఆ చట్రం ఇక్కడి నేలలో ఎందుకు నాటుకుంది అన్నదే మనకు కావలసిన ప్రశ్న.

నాలుగవది పత్రిక. నెల తర్వాత నెల, వారం తర్వాత వారం కథ సాగాలి. ప్రతి భాగం ఒక ముడి దగ్గర ఆగాలి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకుంటే విడిపోయే ముడి అది. మనం దీన్ని చవకబారు శిల్పం అన్నాం. ఒకసారి ఆలోచించండి. 1964లో పెళ్ళికాని ఆడపిల్ల, పరాయి మగవాడు ఎదురెదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకోగలిగిన చోటు మన ఇళ్ళలో ఎక్కడుంది? మాట్లాడుకునే వీలు లేని సమాజంలో అపార్థం ఒట్టి కథాయుక్తి కాదు, అది సామాజిక వాస్తవం. పత్రిక అవసరం, పాఠకురాలి అనుభవం అక్కడ కలిశాయి. అందుకే ఆ ముడి వాళ్ళకు కృత్రిమంగా అనిపించలేదు.

ఇప్పుడు ఆ చట్రం సంగతి. ఆస్టిన్ నవలలో అక్కచెల్లెళ్ళ పెళ్ళి తొందర వెనుక ఒక కఠినమైన కారణముంది. తండ్రి ఎస్టేటు కూతుళ్ళకు రాదు, మగవారసుడికి పోతుంది. ఎవరికి ఏడాదికి ఎన్ని పౌన్ల రాబడో ఆస్టిన్ లెక్క కట్టి చెబుతుంది. ప్రేమకథ కింద ఆస్తికథ నడుస్తుంది. మరి మన దగ్గర? 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో భాగమిచ్చింది గాని, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ హక్కు చట్ట సవరణగా వచ్చింది 1986లో, దేశమంతటికీ 2005లో. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా అది కాగితం దాటలేదని ప్రతి ఇంటికీ తెలుసు. అంటే యద్దనపూడి నవలలు రాజ్యమేలిన కాలమంతా తెలుగు ఆడపిల్లకు భూమిలో హక్కు లేదు, కట్నం మాత్రం తప్పదు, ఉద్యోగం అరుదు. ఆమె ఒక ఇంటికి యజమానురాలు కాగల ఒకే ఒక దారి పెళ్ళి. ఆ పెళ్ళిని కట్నం నిర్ణయిస్తుంది.

ఈ వాస్తవం ముందు పెట్టుకుని "సెక్రటరీ" చదివితే కల ఎక్కడుందో తెలుస్తుంది. జయంతి మధ్యతరగతి అమ్మాయి, ఉద్యోగం తప్పనిసరి. రాజశేఖరం సంపన్నుడు, అతని గురించి నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటారు. ఆమె అతని దగ్గర జీతం తీసుకుంటుంది గాని దయ తీసుకోదు. చివరకు వాళ్ళిద్దరూ ఒకటవుతారు. ఇందులో పాఠకురాలిని పట్టుకున్నది కారు కాదు. కారు కోసమే అయితే ఆ కాలపు సినిమాలు చాలు. కట్నం ఊసు లేకుండా, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, తన గుణం చూసి ఒక మనిషి తనను కోరుకోవడం - అది కల. అసలు నా గౌరవానికి విలువుందని ఎవరైనా ఒప్పుకోవడం - అది దాని లోపలి కల. శరత్ కన్నీటిని ఈమె పెళ్ళిగా మార్చడంలోని అర్థం ఇదే. అభిమానమున్న స్త్రీ ఓడిపోనక్కరలేదని చెప్పడం. 1960లలో ఒక పల్లెటూరి వాకిట్లో ఆ మాట వినిపించడం సామాన్యమైన విషయం కాదు.

చలం 1927లోనే "మైదానం" రాశాడు. స్త్రీకి శరీరం, మనసు ఉన్నాయని చెప్పాడు. ఆయన చేసిన పని ఎవరూ చేయలేదు. కాని చలం పుస్తకాన్ని అటక మీద దాచి చదవాలి. యద్దనపూడి పుస్తకాన్ని అత్తగారి ముందు పెట్టుకుని చదవవచ్చు. గడప దాటకుండానే కలగనే వీలు ఇచ్చింది. ఆమె బలమూ అదే, పరిమితీ అదే.

ఆ పరిమితి గురించి నేను మెత్తగా మాట్లాడబోవడం లేదు. ఈ సంగతిలో నాకు గురువు మా వాకిట్లో కథ విన్న ఒక పెద్దావిడ. రాజశేఖరం ఇంటి వైభవం అక్క చదువుతుంటే ఆమె మధ్యలో ఆపి అడిగింది: "అంత పెద్దింట్ల అంట్లు తోమేదెవరు బిడ్డా? ఆమె ముచ్చట లేదా అండ్ల?" అందరూ నవ్వారు. కథ మళ్ళీ సాగింది. నేను పాతికేళ్ళ పాటు చదివిన మార్క్సిస్టు సాహిత్య విమర్శ అంతా కలిపి ఆ నవలపై ఇంతకంటే సూటి ప్రశ్న వేయలేదు.

ఆమె ముచ్చట అందులో లేదు. రాజశేఖరానికి వ్యాపారాలున్నాయని తెలుస్తుంది. ఆ వ్యాపారంలో చెమటోడ్చేవాళ్ళ బతుకు నవలలోకి రాదు. ఆస్టిన్ పౌన్ల లెక్క చెప్పింది. మన రచయిత్రి ఆ లెక్కను పూలకుండీల వెనుక దాచింది. సంపద అక్కడ ఎండలా, వానలా సహజంగా ఉంటుంది. దాన్ని అనుభవించే మనిషి మంచివాడా కాదా అన్నదే ప్రశ్న అవుతుంది గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ప్రశ్న కాదు. "మీనా" కొంత నయం. పట్నంలో తల్లి అదుపులో ఊపిరాడక పెరిగిన ధనికుల పిల్ల పల్లెకు పోయి, అక్కడి మనుషుల మధ్య, పనిపాటల మధ్య మనిషవుతుంది. శ్రమకు ఆ నవల విలువ ఇచ్చింది. అయితే అది సొంత పొలమున్న రైతింటి శ్రమ. ఆ పొలంలో నాటేసే కూలిమనిషి మాత్రం అక్కడా నేపథ్యమే.

మా ప్రాంతం సంగతి చెబితే ఇది మరింత తేటపడుతుంది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట భూములు మాగాణులయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాయి. కొత్త డబ్బు, కొత్త మేడలు, కొత్త కట్నాలు వచ్చాయి. మా వైపు రాజశేఖరాలు అప్పుడే పుట్టారు. కాని ఆ డబ్బు ఎవరి నడుములు వంగితే వచ్చిందో మా వాకిట్లో కథ వినేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. వాళ్ళ నడుములే అవి. తమను వదిలేసిన కథను వాళ్ళు ఇష్టంగా విన్నారు. దాన్ని అమాయకత్వం అనేసి ఊరుకోవడం తేలిక. వాళ్ళ గురించి చెప్పే కథ వాళ్ళ వాకిట్లోకి ఎందుకు రాలేదని అడగడం కష్టం.

ఇంకా రెండు లోపాలు చెప్పాలి. ఆ నవలల్లో కులం పేరు వినపడదు గాని అది లేకపోలేదు. అందరూ ఒకే తరహా ఇళ్ళలో, ఒకే తరహా మర్యాదలతో ఉంటారు కాబట్టి పేరు చెప్పే అవసరం రాదు. ప్రేమ డబ్బు గోడ దూకుతుంది, కులం గోడ జోలికి పోదు. రెండవది, కథ పెళ్ళి దగ్గర ఆగిపోతుంది. పెళ్ళి తర్వాత జయంతి ఉద్యోగం ఏమైంది? ఆమె అభిమానానికి ఆ బంగళాలో చోటుందా? ఈ ప్రశ్నను రంగనాయకమ్మ అడిగింది. "బలిపీఠం", "పేకమేడలు" పెళ్ళిని ముగింపుగా తీసుకోలేదు, సమస్యగా తీసుకున్నాయి. ఒకే కాలంలో, ఒకే పత్రికా ప్రపంచంలో, అదే పాఠకులకు ఇద్దరు రచయిత్రులు రెండు రకాలుగా రాశారు, ఇద్దరినీ చదివారు. అంటే పాఠకులకు కల ఒక్కటే చాలదని, నిజం చెప్పినా వింటారని రుజువైంది. గిరాకీ ఉంది కాబట్టి కలలే రాశామనే వాదం నిలవదు. నిజానికి గిరాకీ లేదు కాబట్టి మేం ఓడిపోయామనే మన వాదమూ నిలవదు.

ఇక్కడ మన లోపం దగ్గరకు వస్తాను. నల్లగొండ జిల్లా తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. 1946 నుంచి 1951 వరకు ఈ ఊళ్ళలో స్త్రీలు దళాలకు అన్నం మోశారు, ఉత్తరాలు మోశారు, తుపాకులూ పట్టారు. వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి", దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్ళు", "మోదుగు పూలు" ఈ నేల కథలు. మా ఊళ్ళో పుస్తకాలు చదివే నలుగురి ఇళ్ళలోనూ ఇవి ఉండేవి. అట్టలు నలగకుండా ఉండేవి. యద్దనపూడి పుస్తకాలు కుట్లు ఊడి, అంచులు మాసి, చేతులు మారి మారి ఉండేవి. చాలాకాలం నేను దీన్ని చైతన్య లోపం అనుకున్నాను.

1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" ప్రచురించింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన జీవితాలవి. అది చదివాక నా అభిప్రాయం నిలవలేదు. పోరాటంలోకి వచ్చినప్పుడు వాళ్ళకు తెరుచుకున్న లోకం, విరమణ తర్వాత ఎలా మూసుకుపోయిందో ఆ స్త్రీలు చెప్పారు. ఇంటికి పొమ్మన్నారు. ఏ ఇంటికి? ఎవరి ఇంటికి? పెళ్ళి, పిల్లలు, ప్రేమ, నలుగురూ అనే మాటలు - ఉద్యమంలో ఉన్నప్పుడు కూడా ఈ ప్రశ్నలు వాళ్ళను వెంటాడాయి. వాటిని సొంత సమస్యలన్నారే తప్ప రాజకీయ సమస్యలనలేదు. మన నవల కూడా అదే చేసింది. భూమి గురించి చెప్పింది, గడీ గురించి చెప్పింది, తుపాకీ గురించి చెప్పింది. పోరాటం ముగిసి తలుపు మూసుకున్నాక వంటింట్లో మిగిలిన మనిషి గురించి చెప్పవలసినంత చెప్పలేదు.

1951లో మనం ఆమెను ఇంటికి పంపాం. ఆ ఇంటి గురించి మన దగ్గర కథ లేదు. పదమూడేళ్ళ తర్వాత "జ్యోతి" పత్రికలో "సెక్రటరీ" వచ్చింది. మనం ఖాళీగా వదిలిన పీట మీద ఆమె కూర్చుంది. పీట ఖాళీ చేసినవాళ్ళం, కూర్చున్నామెను తిడుతూ నలభై ఏళ్ళు గడిపాం.

1884లో కాదు, 1984లో కూడా ప్రపంచంలో ఈ ప్రశ్న తేలలేదని గుర్తుచేస్తాను. ఆ ఏడే అమెరికాలో జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు ప్రేమనవలలు చదివే స్త్రీలతోనే మాట్లాడి "రీడింగ్ ది రొమాన్స్" అనే పుస్తకం వెలువరించింది. ఆ గృహిణులకు కథ ఎంత ముఖ్యమో, చదవడమనే పని అంత ముఖ్యమని ఆమె గమనించింది. పొద్దంతా అందరికీ చేసే మనిషి, పుస్తకం పట్టుకున్న గంటసేపు తనది. అదే సమయంలో ఆ కథలు మళ్ళీ పాత కుటుంబ చట్రంలోకే నడిపిస్తాయని కూడా ఆమె దాచలేదు. ఆ రెండూ ఒకేసారి నిజం కావచ్చునని ఒప్పుకోవడమే మనకు చేతకాలేదు. 1971లో మన రాష్ట్రంలో స్త్రీల అక్షరాస్యత నూటికి పదహారు దరిదాపు, 1981లో ఇరవై. అలాంటి చోట ఏడో తరగతితో ఆగిన పిల్ల చదువును మరిచిపోకుండా నిలబెట్టిన పుస్తకం ఏదో అది చిన్న పని చేయలేదు.

చదవడం వచ్చిన స్త్రీ తన బతుకు కథ చేతికందితే ఏం చేస్తుందో మనకు తెలుసు. 1990ల మొదట నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో ఒక సారా కథ ఉంది. అది చదివిన స్త్రీలు లేచి తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. ఆ వాచకం రాసినవాళ్ళు పెద్ద శిల్పులు కారు. చదివే మనిషి ఎవరో వాళ్ళకు తెలుసు. అంతే.

1888లో ఎంగెల్స్ మార్గరెట్ హార్క్‌నెస్ అనే నవలాకారిణికి రాసిన లేఖ మనలో చాలామందికి పరిచితమే. బాల్జాక్ సానుభూతి కూలిపోతున్న ప్రభువర్గం వైపే ఉన్నా, అతని వాస్తవికత ఆ సానుభూతిని దాటి నిజం చెప్పిందని ఆయన భావం. యద్దనపూడిని బాల్జాక్ పక్కన కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె కల ఆమె వాస్తవికతను చాలాచోట్ల మింగేసింది. కాని ఆ కల ఆకారం చూస్తే దాని చుట్టూ ఉన్న లేమి ఆకారం తెలుస్తుంది. కట్నం లేని పెళ్ళి కలగా మారిందంటే కట్నం ఎంత బరువో తెలుస్తుంది. అవమానించని మగవాడు కథానాయకుడయ్యాడంటే ఇళ్ళలో అవమానం ఎంత మామూలో తెలుస్తుంది. రచయిత్రి చెప్పదలచుకోని ఈ సాక్ష్యాన్ని బయటపెట్టడమే విమర్శకుడి పని. మనం ఆ పని వదిలి తీర్పరులమయ్యాం.

1980లలో యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం"తో పత్రికల గాలి మారింది. క్షుద్రశక్తులు, ఉత్కంఠ, తర్వాత విజయం సాధించే సూత్రాలు. రాణుల కాలం పోయి రాజుల కాలం వచ్చిందని కొందరు నవ్వుకున్నారు. ఆ తర్వాత వారపత్రికలే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. నష్టపోయినది ఒక్క రచయిత్రి కాదు. వాకిట్లో పదిమంది కూడి వినే ఒక అలవాటే పోయింది. ఆ కథలో లోపాన్ని ఎత్తి చూపిన పెద్దావిడ ప్రశ్న పుట్టింది ఆ కూడికలోనే. టీవీ ముందు కూర్చున్నాక ఆ ప్రశ్న అడిగే సందు లేదు.

సాహిత్య విద్యార్థులకు ఒక విన్నపం. ఈ నవలల మీద పరిశోధన చేసేవాళ్ళు పాత్రచిత్రణ, శైలి, సంభాషణలు అని అధ్యాయాలు విభజించి ఊరుకోవద్దు. చదివిన స్త్రీలు ఇంకా మన మధ్యే ఉన్నారు, డెబ్బై, ఎనభై ఏళ్ళ వయసులో. వాళ్ళ దగ్గరకు వెళ్ళి అడగండి. ఏ పుస్తకం ఎవరి దగ్గర తెచ్చుకున్నారు, ఏ పేజీ దగ్గర ఏడ్చారు, ఏ పేజీ దగ్గర నమ్మలేదు, పెళ్ళయ్యాక ఆ నవల మళ్ళీ చదివితే ఏమనిపించింది. ఈ చరిత్ర ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. వాళ్ళతోపాటే పోతుంది.

రచయితలకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. యద్దనపూడిని మెచ్చుకుంటే చాలదు, ఆమెలా రాయమనీ కాదు. ప్రేమను, పెళ్ళిని, అభిమానాన్ని వ్యాపార నవలకు వదిలేయవద్దు. అవి మన వస్తువులు. అంట్లు తోమే మనిషికి కూడా ఒక ప్రేమ ఉంటుంది, ఒక అభిమానం ఉంటుంది. ఆమె కథ పైకి చదివితే నాట్లేసి వచ్చిన మనిషి నిద్ర ఆపుకుని వినేటట్టుండాలి. ఆ గుణం యద్దనపూడి దగ్గర ఉంది. మన దగ్గర తక్కువైంది. దాన్ని నేర్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

మా అక్క పోయి చాలా ఏళ్ళయింది. గోనెదారంతో కుట్టిన ఆ కట్టలు రెండు నా దగ్గర ఉన్నాయి. వాటిలో ఒకదాని చివరి పేజీలు లేవు. ఎవరో తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదట. ముగింపు అందరికీ తెలిసిందే కదా అని ఆమె వాటి కోసం ఎన్నడూ వెతకలేదు. పెళ్ళితో ముగిసే ఆ పేజీల తర్వాతి కథ రాయవలసిన బాధ్యత మనదని ఆనాడే గుర్తించి ఉంటే, ఆమె నన్నడిగిన ప్రశ్నకు మరో రకమైన జవాబు చెప్పగలిగేవాణ్ణి.